పాట మోసిన బరువు

నెలలో మొదటి శనివారం లిఫ్టు మెకానిక్ నాలుగింటికే పని ముగించేవాడు. చేతులకంటిన గ్రీజుని సబ్బుపొడి, రంపపుపొట్టు కలిపి రుద్ది కడుక్కునేవాడు. గోళ్ల సందుల్లో నలుపు పోలేదని మళ్లీ కడుక్కుని, ఆస్పత్రి వెనక గేటు దగ్గరికెళ్లి నిలబడేవాడు. అతని భార్య ఆ ఆస్పత్రి కుట్టుగదిలో దుప్పట్లూ ఆపరేషన్ గౌన్లూ కుట్టేది. ఆమె బ్లౌజు మీద దారప్పోగులు దులుపుకుంటూ బయటికొచ్చాక ఇద్దరూ రెండు బస్సులు మారి పాటల హాలుకి చేరేవాళ్లు. తొమ్మిదేళ్లుగా అదే వరస.

ఆ హాలు ఒకప్పుడు గోదాము. దానికి తర్వాతెప్పుడో ఇనుప దూలాలు గోడలోకి దింపి బాల్కనీ కట్టారు. ఊళ్లో అంతకంటే పెద్ద హాళ్లు పదున్నా, టికెట్ల కోసం జనం పొద్దున్నుంచి వరసకట్టేది దీని దగ్గరే. కారణం అక్కడ పాడే ఆవిడ. అసలు పేరు పోస్టరు మీద ఉండేది గాని ఎవరూ పలికేవారు కాదు. గొంతులో సన్నటి జీర ఉందని అందరూ జీరమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి. ఆవిడ పక్కన పియానో వాయించే ముసలాయన ఒక్కడే. వేరే మేళమంటూ ఏమీ ఉండేది కాదు.

జీరమ్మ పాట కుదిరిందంటే జనం గాల్లోకి లేచేవారు. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే, ముందు కుర్చీని వదిలి, తర్వాత మునివేళ్లతో నేలని వదిలేవారు. మామూలు రోజున బెత్తెడు, బాగా కుదిరితే జానెడు, ఏ ఏడాదికోసారో మూరెడు. పాట ఆగగానే మళ్లీ ఎవరి కుర్చీలో వాళ్లు. లేచేటప్పుడు చెప్పులు జారి ఎవరి నెత్తినో పడకుండా, అందరివీ గుమ్మంలోనే విప్పించి బుట్టల్లో సర్దడానికి ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన్ని చెప్పులాయన అనేవారు. దిగులున్నవాళ్లు లేవరని, భయపడితే లేచినవాళ్లు కూడా దిగిపోతారని రోజూ వచ్చేవాళ్లకి తెలుసు. ఒకసారి పాట మధ్యలో ఒకాయనకి ఇంట్లో పొయ్యి ఆర్పలేదని గుర్తొచ్చి ధబ్బున ముందువరసావిడ ఒళ్లో పడ్డాడు. ఆ గొడవ సర్దేసరికి చెప్పులాయనకి తలప్రాణం తోకకొచ్చింది.

మెకానిక్ మాత్రం తొమ్మిదేళ్లలో ఒక్కసారీ లేవలేదు. ఊళ్లోవాళ్లందర్నీ పదో అంతస్తుకీ ఇరవయ్యో అంతస్తుకీ ఎక్కించేవాడు, తను అంగుళం లేవలేకపోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, చుట్టూ వేలాడే పాదాల మధ్య బుద్ధిగా కూర్చునేవాడు. ఎవరి మడమలు పగిలాయో, ఎవరి బొటనవేలు గోరు నల్లబడిందో అతనికి తెలిసినంతగా వాళ్ల ఇంట్లోవాళ్లకి కూడా తెలియదు. మొదట్లో భార్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని తనూ లేవకుండా అతని పక్కనే ఉండేది. నాలుగైదేళ్లు అలా ఉండి ఉండి విసిగిపోయి వదిలేసింది. ఇప్పుడు ఆమె పాదాలు కూడా అతని చెవి పక్కన ఊగేవి.

ఆ శనివారం రెండో బస్సులో అతను నోరు జారాడు. పోయిన నెల బాల్కనీలో ఏదో చప్పుడు వినిపించిందనీ, మేనేజరుకి చెబితే నీ లిఫ్టుల సంగతి నువ్వు చూసుకో అన్నాడనీ చెప్పాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

"పాట వినడానికొచ్చి మీరు దూలాలు వింటారు," అంది. "వచ్చే నెల నుంచి నేనొక్కదాన్నే వస్తాను. మీరు ఇంట్లోనే ఉండండి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. తొమ్మిదేళ్ల సంసారంలో ఆమె ఏదైనా తేల్చేసుకుందంటే అది ఈ గొంతుతోనే చెబుతుందని అతనికి తెలుసు. వచ్చే నెల పాటకి ఒక్కతే వచ్చే మనిషి, ఆ పై నెల ఇంకెక్కడికి ఒక్కతే వెళుతుందో అని అతనికి దిగులేసింది. టికెట్టుని చిన్నచిన్న మడతలు పెట్టాడు.

బాల్కనీలో ఎనభై ఏడు కుర్చీలు. ఆ రోజు ఒక్కటీ ఖాళీ లేదు. వాళ్లిద్దరివీ వెనక వరసలో గోడ పక్కన, తలుపుకి దగ్గర. జీరమ్మ ఆ రోజు మంచి ఊపులో ఉంది. మొదటి పాటకే జానెడు లేచారు. ఆఖరి పాటకి ముందుదానికి మూరెడు దాకా వెళ్లారు. అది ఆగగానే ఎనభై ఆరుమంది ఒక్కసారిగా కుర్చీల్లోకి దిగారు. ఆ చప్పుడు అడుగున మెకానిక్‌కి ఇంకో చప్పుడు వినిపించింది. పొట్టిగా, పొడిగా, 'టక్' అని.

బోల్టు తల తెగితే ఆ చప్పుడే వస్తుంది. అతను వంగి గోడ వారన చెయ్యి పెట్టి చూశాడు. గోడకీ బాల్కనీ నేలకీ మధ్య ఉన్న సందులో చూపుడువేలు దూరింది. వేలి మీద సున్నం పొడి రాలింది. అవతల చప్పట్లు మోగుతున్నాయి. భార్య వైపు తిరిగి నోరు తెరిచేలోపే చప్పట్లు ఆగాయి, పియానో మోగింది, జీరమ్మ ఆఖరి పాట ఎత్తుకుంది. చుట్టూ అందరూ లేచిపోయారు.

జనం లేవగానే నేల కింద ఇనుము మూలుగు ఆగింది. అతనికి విషయం అర్థమైంది. ఇప్పుడు బాల్కనీ మీద ఉన్న బరువల్లా తనొక్కడిదే. పాట సాగినంతసేపూ ఇది నిలబడుతుంది. పాట ఆగి ఎనభై ఆరుమంది ఒక్కసారిగా దిగిన మరుక్షణం ఊడిపోతుంది. ఆఖరి పాట ఎప్పుడూ ఆరు నిమిషాలు. అరిచి చెబితే భయపడతారు, భయపడితే ఇప్పుడే దిగుతారు.

అతను లేచి, మునివేళ్ల మీద తలుపు దాటి, రాతిమెట్లు రెండేసి చొప్పున దిగాడు. బాల్కనీ కింద సీట్లు లేవు, చెప్పుల బుట్టలుండే వసారా ఒక్కటే. చెప్పులాయన స్టూలు మీద కూర్చుని జతలు లెక్కపెట్టుకుంటున్నాడు. మెకానిక్ ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి లాగి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆయన ఎందుకని అడగలేదు, నిజమా అనీ అడగలేదు. పాడేవాళ్లకి వేళయిందనో ఇంకో పాట పాడమనో చూపించే పలక ఒకటి స్టేజీ పక్కన ఉండేది. మెకానిక్ దాని మీద సుద్దముక్కతో రాశాడు. తొందరలో అక్షరాలు వంకర పోయాయి.

'ఆపొద్దు. బాల్కనీ ఊడుతోంది. ఆపితే పడతారు.'

స్టేజీ పక్కన తెర చాటున నిలబడి పలక ఎత్తి పట్టుకున్నాడు. జీరమ్మ ఓరకంట చూసింది. చదివింది. ఆవిడ గొంతు ఒక్క క్షణం తడబడింది. హాలు మొత్తం జానెడు కిందికి జారింది. మెకానిక్ కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచేసరికి ఆవిడ కూడా కళ్లు మూసుకుని ఉంది. ఊపిరి తీసుకుని అందుకున్న పల్లవి ఇందాకటి కంటే నెమ్మదిగా, ఇందాకటి కంటే నిండుగా వచ్చింది. జారినవాళ్లు మళ్లీ లేచారు. పియానో ఆయనకి పలక కనబడలేదు గాని, ఆవిడతో ముప్పయ్యేళ్లు వాయించినవాడు. ఏదో అయిందని గ్రహించి ఆవిడ వెనకే వెళ్లాడు.

మెకానిక్ పైకొచ్చి భార్య చీలమండ పట్టుకున్నాడు. పాట మధ్యలో ఇంటికి లాక్కుపోతున్నాడనుకుని ఆమె కాలు విదిల్చింది. కోపానికి బెత్తెడు దిగింది. ఇంకోసారి లాగితే చెయ్యి విసిరికొట్టింది. అతను గొణిగాడు.

"చెబితే నువ్వు బరువెక్కుతావు. చెప్పకపోతే రావు. నాకు అబద్ధం చెప్పడం చాతకాదు."

ఆమె అతని మొహం చూసింది. నెమ్మదిగా దిగి కుర్చీ పక్కన నేల మీద కాళ్లు ఆన్చింది. అతను ఆమె వేలు పట్టుకుని సందులో పెట్టించాడు. ఆమె మొహం పాలిపోయింది. అతని చెవిలో చెప్పింది, "మీరు ఎవరితోనూ మాట్లాడకండి. మీ మొహం చూస్తేనే జనం పడతారు. లాగడం మీ పని, మాటలు నా పని."

అలాగే చేశారు. ఆమె ఒక్కొక్కరి చెవిలో, ఈ పాటకి బాల్కనీవాళ్లని కిందికొచ్చి స్టేజీ ముందు కూర్చోమంది జీరమ్మ, మా ఆయన తీసుకెళతాడు, చెయ్యివ్వండి అని చెప్పింది. పెళ్లిపిలుపు పిలిచినంత నవ్వుతో చెప్పింది. అతను చెయ్యి అందుకుని లాగేవాడు. గాల్లో ఉన్న మనిషి నీళ్లలో చెక్కలా వచ్చేవాడు. ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకుని పిల్లల రైలాటలా వరసలోంచి నడవలోకి, నడవలోంచి తలుపులోకి వెళ్లేవారు. తలుపు దాటాక గోడ అడ్డమై పాట సన్నగిల్లి, ఎవరి కాళ్లు వాళ్లకి మెట్లకి ఆనేవి. అక్కణ్నుంచి చెప్పులాయన చూసుకున్నాడు.

పది నిమిషాలయ్యేసరికి రెండు వరసలు ఖాళీ అయ్యాయి. జీరమ్మ ఆఖరి చరణం నాలుగోసారి పాడుతోంది.

మూడో వరసలో ఫర్నిచర్ షాపు యజమాని రానన్నాడు. డబ్బు పెట్టి కొనుక్కున్న సీటు, పాట మధ్యలో లేపడమేమిటి అన్నాడు. అంటున్నకొద్దీ దిగాడు. ఆయన అరికాలు నేలకి తగిలింది. గోడలో 'టక్' అంది.

"బాబాయిగారూ," అంది ఆమె, "ముందు వరసలో కూర్చుని రాగానికి తల ఊపుతారే, ఆ పెద్దమనిషిని ముందు తీసుకురండి అని ఆవిడ ప్రత్యేకంగా చెప్పింది. అది మీరేగా?"

ఆయన ఎప్పుడూ ముందు వరసలో కూర్చోలేదు, ఎప్పుడూ తల ఊపలేదు. అయినా మొహం చాటంత చేసుకుని జానెడు లేచి చెయ్యిచ్చాడు.

ఇరవై నిమిషాలు దాటాయి. పాటలో మాటలు అయిపోయాయి. జీరమ్మ మాటల్లేకుండా పాడుతోంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం తగ్గింది. పై స్థాయికి వెళ్లినప్పుడల్లా గొంతులో జీర చిట్లినట్టు వినిపిస్తోంది. అప్పుడప్పుడూ కింద హాలంతా నాలుగువేళ్లు దిగి మళ్లీ లేస్తోంది. మెకానిక్ భార్యని తలుపు అవతల మెట్ల మీద నిలబెట్టి, ఇక లోపలికి అడుగు పెట్టొద్దన్నాడు. ఇద్దరి బరువుకి ఇది ఆగదు, వచ్చేవాళ్లని అక్కణ్నుంచే అందుకోమన్నాడు. ఆమె చేతులు చాచి నిలబడింది.

చివరికి ఒక్కావిడ మిగిలింది. ముందు వరసలో, బాల్కనీ అంచు కటకటాల పక్కన, నెరిసిన జుట్టుతో బక్కగా ఉన్న మామ్మగారు. అందరికంటే ఎత్తుకి, కప్పు దగ్గరికి వెళ్లిపోయింది. కళ్లు మూసుకుని ఉంది, పిలిస్తే పలకలేదు. మెకానిక్ కటకటాల దాకా నడిచాడు. అడుగు అడుగుకీ నేల వాలడం కాళ్లకి తెలుస్తోంది. కటకటాల మీదికెక్కి, చెయ్యి సాచి, ఆవిడ పాదం అందుకున్నాడు. ఆవిడ కళ్లు తెరిచి, "ఏం నాయనా?" అంది.

"ఏం లేదు మామ్మగారూ. మా ఆవిడ పిలుస్తోంది," అన్నాడు. అది అబద్ధం కాదు కాబట్టి బాగానే చెప్పగలిగాడు.

పడవని ఒడ్డు నుంచి తోసినట్టు ఆవిణ్ని తలుపు వైపు తోశాడు. ఆవిడ ఖాళీ కుర్చీల మీదుగా తేలుతూ వెళ్లింది. భార్య రెండు చేతులతో అందుకుని మెట్ల మీదికి దించింది. అప్పుడు గోడలో మూడుసార్లు 'టక్ టక్ టక్' మంది. తలుపుకీ అతనికీ మధ్య ఏడు వరసల కుర్చీలు ఉన్నాయి. పరుగెత్తితే ఆ అదురుకే ఊడుతుంది, నడిస్తే అందుకోలేడు. అతను కటకటాల మీదే మెల్లగా కూర్చున్నాడు.

భార్య పిలవలేదు. పిలిస్తే అతను పరుగెత్తుతాడని ఆమెకి తెలుసు.

అతనికి ఇక ఇనుము వినక్కర్లేదనిపించింది. దాని సంగతి తేలిపోయింది. మోయగలిగింది ఇంకేమైనా మిగిలుందా అని వెతుక్కున్న చెవికి జీరమ్మ గొంతు తగిలింది. తొమ్మిదేళ్లు విన్న గొంతే. కాని దాన్ని అతనెప్పుడూ పనిలా వినలేదు. ఇప్పుడు చీకటి గుంటలో నిలబడి నెత్తిమీద లిఫ్టు తాడుని విన్నట్టు విన్నాడు. ఇనుప తాడులో పురులుంటాయి. ఆ గొంతులోనూ ఉన్నాయి. ఒకటి తెగిపోయింది, జీర చిట్లుతున్నది అక్కడే. దాని బరువు పక్క పురి తీసుకుంది. అదీ చిట్లుతుంటే అడుగున ఇంకొకటి, ఆవిడ ఎప్పుడూ వాడనిది, లావుపాటిది, కింది స్థాయిలోంచి వచ్చి పట్టుకుంది. ఒక మనిషి ఇంతమందిని ఇంతసేపు ఎత్తి పట్టుకుని, చేతులు పడిపోతున్నా దించకుండా నిలబడి ఉంది. తెగదు, అనుకున్నాడు. ఇంకాసేపు తెగదు.

అలా అనుకున్నాకే కిందికి చూశాడు. కింద బాల్కనీ లేదు.

దూలాలూ కుర్చీలూ అన్నీ వసారా మీద కుప్పగా పడి ఉన్నాయి. దుమ్ము పైకి లేస్తోంది. ఆ చప్పుడుకి హాల్లో జనం భయపడి ఎక్కడివాళ్లక్కడ పడ్డారు. మోచేతులు గీరుకున్నాయి, కళ్లజోళ్లు పగిలాయి, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. మూడొందలమందీ నేల మీద ఉన్నారు. గాల్లో ఉన్నది అతనొక్కడే, రెండు నిలువుల ఎత్తున, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నట్టే.

జీరమ్మ అతన్ని చూసింది. ఆపలేదు. దుమ్ము ముక్కులోకి పోతున్నా, పియానో ఆయన తప్పు మెట్లు నొక్కుతున్నా, ఆ ఒక్కడి కోసం పాడుతూనే ఉంది. చెప్పులాయన బల్బులు మార్చే నిచ్చెన తెచ్చాడు. కుప్ప మీద దాన్ని నిలబెట్టడం కుదరక నలుగురు పట్టుకోవాల్సొచ్చింది. అందులో భార్య ఒకతె. నిచ్చెన మెట్టుకి అతని కాలు ఆనింది. జీరమ్మ ఆ స్వరం మధ్యలోనే నోరు మూసుకుంది.

మళ్లీ తెరిచి మంచినీళ్లు అడగబోతే మాట రాలేదు.

హాలు మూసేశారు. మేనేజరు సెలవు మీద వెళ్లి తిరిగి రాలేదు. జీరమ్మని ముగ్గురు డాక్టర్లు చూశారు. గుసగుసగా మాట్లాడగలదు గాని ఇక పాడటం కుదరదని ముగ్గురూ చెప్పారు. ఆ కబురు కుట్టుగదికి ఆస్పత్రి నర్సుల ద్వారా చేరింది. భార్య ఇంటికొచ్చి చెబితే మెకానిక్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాలుగు రోజులు కాగితం మీద ఏవో అంకెలు వేస్తూ గడిపాడు. అయిదో రోజు భార్యే చెప్పులేసుకుని, పదండి అంది. ఎక్కడికని అతను అడగలేదు.

జీరమ్మ ఉండేది మూడో అంతస్తులో. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది, మెడకి గుడ్డ చుట్టుకుని. పియానో ఆయన పక్కగదిలో టీ పెడుతున్నాడు. మెకానిక్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. బస్సులో మనసులో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాడు. క్షమించమని అడగాలనుకున్నవాడు, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"ఎనభై ఆరుమందమ్మా," అన్నాడు. "తలా అరవై కిలోలు వేసుకున్నా అయిదు టన్నుల పైన. కింద హాల్లోవాళ్లని లెక్కలోకి తీసుకోలేదు. ఇరవై ఆరు నిమిషాలు. మా తాళ్లు ఏవీ అంత మొయ్యవు. అంత మోసిన తాడుని మళ్లీ పనిలో పెట్టకూడదు. దించి, చుట్టి, పక్కన పెట్టాలి. అది మా పనిలో రూలు."

అతను ఒక్కసారి అన్ని మాటలు మాట్లాడడం భార్య ఎప్పుడూ వినలేదు. పక్కకి తిరిగి అతన్నే చూస్తూ ఉండిపోయింది.

జీరమ్మ కాగితం అందుకుని అంకెల మీద వేలు పెట్టి చదివింది. తర్వాత అతన్ని దగ్గరికి రమ్మని సైగ చేసింది. గుసగుసగా అడిగింది.

"ఇందులో మీ బరువు వేశారా?"

"లేదమ్మా. నాది డెబ్భై నాలుగు."

"అదే ఎక్కువైంది," అంది ఆవిడ. "మిగతావాళ్లు తమ బరువు సగం తామే లేపుకుంటారు. మిమ్మల్ని మొత్తం నేనే ఎత్తాల్సొచ్చింది."

అతను తల దించుకున్నాడు. "నాకు లేవడం రాదమ్మా," అన్నాడు.

"నాకూ ఇప్పుడు లేపడం రాదు," అంది జీరమ్మ. చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. "కూర్చోండి మరి."